నేను దిగని దొన

ముప్పై ఏళ్ళు దాటింది. ఈ సంగతి నా భార్యకు తెలియదు, పిల్లలకు తెలియదు. మా ఊళ్ళో, అంటే పూతలపట్టు పక్కన, నన్ను ఇప్పటికీ అందరూ మర్యాదగా చూస్తారు. అలా చూసినప్పుడల్లా నేను ముఖం తిప్పుకుంటాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. సగం చెప్పి ఆపేస్తానేమోనని భయంగా ఉంది, కాబట్టి అసలు మాట ముందే చెప్పేస్తాను. నా అబద్ధం వల్ల ఒక మనిషి చచ్చిపోయింది. ఆ తప్పును ఇంకొక మనిషి మీద వేశాను.

యుద్ధం నడుస్తున్న రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి. చిత్తూరు నుంచి తిరుపతికి వెళ్ళే బస్సు వెనక పెద్ద పీపా లాంటి పొయ్యి ఉండేది, ఎత్తు వచ్చినచోట అందరం దిగి తోసేవాళ్ళం. ఆ బొగ్గు కోసం తిరుపతి వెనక కొండల్లో కొత్త కూపులు, అంటే నరకడానికి హద్దు గీసిచ్చిన అడవి ముక్కలు, తెరిచి చెట్లు కొట్టించేవారు. ఒక కంట్రాక్టరు దగ్గర నేను మేస్త్రీగా చేరాను. ముప్పై మంది కూలీలు, ఆడా మగా, కొండెక్కి నెల రోజులు అక్కడే ఉండి చెట్లు కొట్టి బట్టీలు కాల్చాలి. వాళ్ళకంటే ముందు వెళ్ళి మకాం ఎక్కడ వేయాలో చూసి రావడం నా పని.

ఆ పని నాకు బాగా వచ్చని అనుకునేవాణ్ణి. వంకలోని ఇసుక ఎంత మెత్తగా ఉన్నా అక్కడ గుడారం వేయకూడదు, పై కొండ మీద వాన పడితే వంక ఎప్పుడొస్తుందో తెలియదు. ఎండుకొమ్మ వేలాడే చెట్టు కింద వద్దు. వెదురు పొద దగ్గర బట్టీ వద్దు. ఇప్పపూలు రాలే చోటికి ఎలుగుబంటి వస్తుంది. గాలి ఎటు వీస్తే పొగ ఎటు పోతుందో చూసుకోవాలి. ఇవన్నీ చూసేవాణ్ణి. వీటన్నిటికంటే ముందు చూడాల్సింది నీళ్ళు. అది మాత్రం ఆ ఒక్కసారి చూడలేదు.

దారి చూపడానికి నాతో పోలయ్య వచ్చేవాడు. యానాది. మా నాయన వయసు ఉంటుంది. నేను ఆయన్ను ‘ఒరే పోలయ్యా’ అనేవాణ్ణి, ఆయన నన్ను ‘సామీ’ అనేవాడు. అప్పట్లో అది తప్పని నాకు తోచలేదు. ఈ కాగితం మీద ‘ఆయన’ అని రాస్తుంటే చెయ్యి ఆగుతోంది, ఇన్నాళ్ళకు గౌరవం ఇస్తున్నానా, లేక మీ ముందు మంచివాడిలా కనిపించాలని చూస్తున్నానా?

ఆ కొండల్లో తిరిగేవాళ్ళకు ఒక పద్ధతి ఉండేది. మకాం చోటు ఎంచినవాడు ఎవడైతే వాడే అక్కడి నీళ్ళ దగ్గరికి వెళ్ళి, ఒక దోసెడు నేలమీద వదిలి, ఇంకొక దోసెడు తాను తాగాలి. ఆ తర్వాతే అక్కడ పొయ్యి రాళ్ళు పెడతారు. తాగినవాడిది ఆ చోటి భారం. కూలీలు కొండెక్కుతూనే అడిగే మొదటి మాట, ‘మేస్త్రప్పా, తాగినావా?’ అని. తాగానంటే మూటలు దించుతారు. తాగలేదంటే ఎంత అలసిపోయినా దించరు.

చైత్రంలో మేమిద్దరం ఒక కోనలోకి వెళ్ళాం. పైన కూపు, చదును నేల, మంచి నీడ. పక్కనే బండల మధ్య లోతుగా ఒక దొన ఉంది. దొన అంటే వాన నీరు ఏడాదంతా నిలిచే బండ గుంట. రెండు తాటిచెట్ల లోతు ఉంటుంది. లోపలికి బండను తొలిచి మెట్లు కొట్టారు, ఒక పాదం మాత్రం పట్టేటట్టు. ఒక పక్క బండ, రెండో పక్క ఏమీ లేదు.

నేను అంచున నిలబడి కిందికి చూశాను. వెంటనే నాలుగడుగులు వెనక్కి వేశాను. చిన్నప్పటి నుంచీ నాకు లోతు చూస్తే అంతే. బావి గట్టు మీద కూడా కూర్చోలేను. కొండ పని చేసే మేస్త్రీకి లోతంటే భయమని ఎవరితో చెప్పుకోను? చెప్పి ఉంటే ఏమయ్యేది? మహా అయితే నవ్వేవారు. నాలుగు రోజులు నవ్వి మరిచిపోయేవారు. ఆ నవ్వు తప్పించుకోవడానికి ఎంత దూరం పోయానో తలచుకుంటే ఇప్పటికీ నాకు నేనే అర్థం కాను.

కాలు బెణికిందని చెప్పి పోలయ్యను దింపాను. ఆయన కిందికి వెళ్ళి, నీళ్ళు చూసి, మోదుగాకు దొప్పలో కొంచెం తెచ్చి నా ముందు పెట్టాడు.

“నీళ్లుండాయి సామీ. అడుగు నుంచి ఏడో మెట్టు దాకా ఉండాయి. ఐదారు మందికైతే నెల దినాలు సాలు. ముప్పై మందికి నాలుగు దినాలు గూడా రావు. నీళ్లు దిగితే కింద బండంతా పాచి. కాలు నిలవదు. ఏటి కాడ ఏసుకుందాం మకాం.”

“ఏరు రెండు మైళ్ళు కింద ఉంది గదరా. రోజూ ఎక్కి దిగుతా ఉంటే పని ఎప్పుడు చేసేది?”

“పని యాడికి పోతాది సామీ. నువ్వొకసారి దిగి సూడు. నేను సెయ్యి పట్టుకుంటా.”

నేను దొప్ప ఎత్తి తాగేశాను. పోలయ్య నా వైపు అదోలా చూశాడు.

“ఈడ తాగితే సెల్లదు సామీ. నీళ్ల కాడ తాగల్ల.”

“ఈ నీళ్ళే గదా. ఎక్కడ తాగితే ఏం?”

ఆయన ఖాళీ దొప్ప అందుకుని పక్కన పడేశాడు. ఆ పద్ధతి ఎందుకు పెట్టారో ఆ క్షణంలోనే నాకు తెలుసు. తాగడానికి కాదు, దిగడానికి. దిగినవాడు చూస్తాడు, చూసినవాడు అబద్ధం ఆడలేడు. తెలిసే తాగాను.

కిందికి వచ్చి కంట్రాక్టరుకు చెప్పాను, నా కళ్ళారా చూశాను, పని అయ్యేదాకా నీళ్ళకు కొదవ లేదని. ఆయన నా భుజం తట్టాడు. ఏటి దగ్గర వేద్దామంటే ముఖం మాడ్చుకునేవాడని నాకు ముందే తెలుసు.

నాలుగో రోజుకు కూలీలు ఎక్కారు. ముందు నడిచిన మనిషి మునెమ్మ. పొడుగ్గా, గట్టిగా ఉండేది, నోరు కూడా అంతే. మూట నెత్తిన ఉండగానే అడిగింది.

“మేస్త్రప్పా, తాగినావా?”

“తాగినాను.”

అది అబద్ధం కాదు చూడండి. ఎన్ని రాత్రులు ఆ మాట పట్టుకుని వేలాడానో. తాగాను గదా, నిజమే చెప్పాను గదా అని. పోలయ్య పక్కనే ఉన్నాడు. మూటలు కింద పడ్డాయి.

ఆడవాళ్ళు దొన మెట్ల మీద వరసగా నిలబడి కడవలు చేతులు మార్చుకుంటూ పైకి అందించేవారు. అందరికంటే కింద, నీళ్ళ దగ్గర, మునెమ్మ. నేను అంచుకు పదడుగుల దూరంలో నిలబడేవాణ్ణి. మొదటి రోజు కింది నుంచి కేక వేసింది, “మేస్త్రప్పా, దిగి సూడు, నీళ్లు సల్లంగా ఉండాయి. నీ మొగమూ కడుక్కోవచ్చు!” అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పోలయ్య చెప్పింది తాగే నీళ్ళ మాట. బట్టీకి పట్టే నీళ్ళ లెక్క ఆయన చెప్పలేదు, అది నాకు తెలిసిన లెక్కే. బట్టీ మీద మన్ను మెత్తడానికి నీళ్ళు కావాలి, పగులు వచ్చినప్పుడల్లా తడపాలి, బొగ్గు తీసేటప్పుడు ఆర్పాలి. రెండో రోజు సాయంత్రం మునెమ్మను మామూలుగా అడిగినట్టు అడిగాను, ఎన్నో మెట్టు దాకా ఉన్నాయని. “రెండు మెట్లు దిగిపోయినాయి” అంది. మూడో రోజు ఇంకో రెండు. నాకు అన్నం దిగలేదు. నిండు కడవ పైకి వచ్చినప్పుడల్లా లెక్కపెట్టుకునేవాణ్ణి. చేతులు కడుక్కునేవాళ్ళను కసిరాను. “ఇదేంది మేస్త్రప్పా, నీళ్లకేం కొదవ లేదంటివే” అన్నారు.

మూడో రోజే పోలయ్య నన్ను పక్కకు పిలిచాడు. లేపేద్దాం సామీ, ఈ పొద్దే ఏటి కాడికి పోదాం అన్నాడు. బట్టీలు అంటుకున్నాయి, ఇప్పుడు వదిలేస్తే లోపలంతా బూడిద అవుతుందన్నాను. అది నిజమే. కానీ కారణం అది కాదు. మకాం ఎందుకు లేపావని అడుగుతారు. నీళ్ళు లేవంటాను. చూశానన్నావు గదా అంటారు. అక్కడే ఆగిపోయేది నా ఆలోచన, ఎన్నిసార్లు తిప్పినా. ముప్పై మంది దాహం ఒక పక్కన, నా పరువు ఒక పక్కన. పరువే బరువు తూగింది.

ఐదో రోజు పొద్దున పోలయ్య ఏటికి పోయి నాలుగు కడవలైనా తెస్తానని ఇద్దరు మగవాళ్ళను తీసుకుని దిగిపోయాడు. ఆయన వచ్చేదాకా దొన దగ్గరికి ఎవరినీ పంపవద్దని నాకు చెప్పి మరీ వెళ్ళాడు. ఆ సమయంలోనే ఒక బట్టీ పగిలి పొగ ఎగదన్నింది. నీళ్ళు, నీళ్ళు అని అరిచారు. నేనే అరిచాను. మునెమ్మ కడవ తీసుకుని పరుగెత్తింది.

అప్పటికి నీళ్ళు మెట్లన్నీ దాటి కిందికి దిగిపోయాయి. చివరి మెట్టు కింద పాచి పట్టిన బండ మీద నిలబడి వంగిందట. కడవ పగిలిన చప్పుడు విన్నాను. ఆ తర్వాత ఆడవాళ్ళ కేకలు. నేను అప్పుడు కూడా దిగలేదు. ఇది కూడా రాయాలి. అందరూ దిగారు, నేను పైన నిలబడ్డాను.

కాలు జారి బండకు తల పగిలిన మునెమ్మను దుప్పటి డోలీ కట్టి మోసుకొచ్చారు. రోడ్డు చేరకముందే ప్రాణం పోయింది.

విచారణకు అడవి శాఖ రేంజరు వచ్చాడు. కొండ కింద ఊళ్ళో చింతచెట్టు నీడలో కుర్చీ వేశారు. మునెమ్మ మొగుడు నేలమీద కూర్చుని ఉన్నాడు, ఎవరి వైపూ చూడకుండా. చోటు ఎవరు చూశారని అడిగాడు రేంజరు. నేను, పోలయ్య అన్నాను. మేస్త్రీ నీళ్ళు తాగినాడా అని పోలయ్యను అడిగాడు.

“తాగినాడు సామీ.”

అంతే అన్నాడు. అని నా వైపు తిరిగాడు. మిగతాది నన్ను చెప్పమని చూశాడు. బెదిరింపు లేదు ఆ చూపులో. దారిలో ముల్లు ఉంటే పక్కకు జరిగి నాకు చోటిచ్చేవాడు చూడండి, అలా చోటిచ్చాడు. నాకు చెప్పే వీలు అంతకంటే సులువుగా ఎప్పుడూ రాలేదు, ఇక రాదు.

నేనన్నాను, “అడుగున ఊట ఉండాదని వీడే చెప్పినాడు సార్. ఎంత తోడినా ఊరతాదన్నాడు. వీడి మాట నమ్మినాను.”

పోలయ్య నోరు తెరిచాడు. రేంజరు చెయ్యెత్తి ఆపాడు. మళ్ళీ ఆయన్ను ఎవరూ ఏమీ అడగలేదు. మునెమ్మ మొగుడు లేచి వెళ్ళి పోలయ్యను కొట్టాడు. చెంప మీద, వీపు మీద. పోలయ్య చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. తేనె, మూలికలు తెచ్చుకునేందుకు ఆయనకు ఉన్న అడవి అనుమతి తీసేశారు. కొండ వాలులో ఉన్న నాలుగు గుడిసెలూ పీకించి మైదానానికి తరిమారు. పుట్టి పెరిగిన కొండలోకి ఆయన ఇక అడుగు పెట్టలేదు. నేను ఇంకో రెండేళ్ళు మేస్త్రీగానే చేశాను.

యుద్ధం ముగిశాక ఒకసారి తిరుపతి సంతలో ఈతచాపలు అమ్ముతున్న ఒక ఆడమనిషి నన్ను చూసి లేచి నిలబడింది. పోలయ్య కూతురు. నాయన పోయి ఏడాదైందని చెప్పింది. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను కూడా.

“మా నాయన ఆ యమ్మ పేరు తలవని దినం లేదు మేస్త్రప్పా. ఆ సావు నా మీదే ఉండాదమ్మే అనేటోడు. నేనే జనానికి అడ్డం పండుకోనుంటే వాళ్లు మూటలు దించుదురా అనేటోడు. ఏటేటా ఆ దినం వస్తే పొద్దు గూకేదాకా సుక్క నీళ్లు ముట్టేటోడు గాదు. సచ్చిన ఏడు గూడా అట్లే. నోరెండిపోయి నాలిక పిడసకట్టినా తాగలా.”

నేను ఆ సంతలో, అంతమంది మధ్య, ఏం చేశానో చెప్పమంటారా? మీ నాయన మంచోడమ్మా అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుని, మీరైనా అంటిరి, అంతే చాలు అంది. ఎండ ఎక్కువగా ఉందని, కూర్చోమని, తన ముంతలోని నీళ్ళు ఇచ్చింది. తాగాను. తాగి వచ్చేశాను.

ఆమె ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు. రెండేళ్ళుగా వెతికిస్తున్నాను. దొరికితే చెబుతానా? చెబుతానని ఒట్టు వేయలేను, నా సంగతి నాకు తెలుసు. మునెమ్మ మొగుడు కూడా పోయాడని విన్నాను. క్షమించేందుకు ఎవరూ మిగల్లేదు. మీరు క్షమించినా అది నాకు చెల్లదు. పొద్దున్నుంచీ రాస్తున్నాను, చెయ్యి నొప్పి పుడుతోంది, అయినా ఛాతీలో కొంచెం గాలి ఆడుతోంది.

ఒక్కటి మాత్రం ఎవరైనా ఒక మనిషి చదివి తెలుసుకుంటే చాలు. ఊట ఉందని పోలయ్య చెప్పలేదు. ఆ మాట నాది.