చాక్లెట్లు ఇస్తున్న మనిషి

పత్రికలో పని చేసినన్నాళ్లూ మోర్తాడ్ నుంచి ఆర్మూర్‌కు రోజూ పొద్దున బస్సులోనే పోయేవాణ్ణి. దారిపొడవునా మనుషుల్ని చూడటం తప్ప వేరే పని ఉండేది కాదు.

అవి పసుపు ఉడకబెట్టే రోజులు. ఆ వాసన కిటికీల్లోంచి లోపలికి వస్తూ ఉండేది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందని ఆ వారమంతా అందరి ఫోన్లలో ఒకటే మెసేజ్. అది వట్టి పుకారని మేం వార్త వేశాం. ఎవరూ నమ్మలేదు.

ఆ రోజు నా ముందు సీట్లో ఒకతను చిన్న పాపతో కూర్చున్నాడు. కొత్త చొక్కా, ఘాటైన అత్తరు. అతని చెయ్యి తగిలినప్పుడల్లా పాప కిటికీ వైపు ముడుచుకుంటోంది. అతను చాక్లెట్ ఇచ్చాడు. తీసుకోలేదు. ఇంకొకటి ఇచ్చాడు. మూడోది విప్పి నోటి దగ్గర పెడితే మొహం తిప్పేసుకుంది. చాక్లెట్ కరిగి వేళ్లకు అంటుకుంటున్నా అతను చెయ్యి దించలేదు.

కండక్టరమ్మ వచ్చింది. "పొల్లకు ఎన్నేండ్లు?"

"రెండు... కాదు కాదు, మూడు."

"ఏందన్నా, నీ బిడ్డ వయసు నీకే ఎరుక లేదా?" అని ఆమె నవ్వింది.

ఆ నవ్వుకే నాలుగైదు తలలు ఇటు తిరిగాయి. పక్క సీట్లోని బీడీల పనికి పోయే పెద్దావిడ పాప వైపు వంగి అడిగింది. "బిడ్డా, గాయన ఎవలు?"

"ఎరుక లేదు. అమ్మ కాడికి పోత," అని పాప ఏడుపు అందుకుంది.

వెనక నుంచి ఒకడు లేచి వచ్చి అతని కాలర్ పట్టుకున్నాడు. "చాక్లెట్లిచ్చి ఎత్కపోతున్నవారా?"

"నా బిడ్డనే అన్నా! నిన్ననే దుబాయ్ నుంచి వచ్చిన. దీనమ్మ ఆర్మూర్ దవాఖానల ఉంది, అత్తకు పాణం బాగలేక. గాడికే తీస్కపోతున్న."

"దొరికినోళ్లంతా గిట్లనే చెప్తరు. బస్సు ఆపుర్రి!"

బస్సు ఆగింది. ముగ్గురు నలుగురు అతన్ని మెట్ల వైపు లాగుతున్నారు. కిందికి దిగితే ఏమవుతుందో ఇలాంటి వార్తలు దిద్దిన నాకు తెలుసు. తలుపుకు అడ్డంగా నిలబడి, "ముందు తల్లికి ఫోన్ చెయ్యనియ్యండి," అన్నాను. అతను చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఎత్తలేదు.

"ఏడికెళ్లి ఎత్తుతది? ఉంటే గదా!" అని ఒకడు అతని తల మీద కొట్టాడు. పాప పెద్దావిడ ఒళ్లో వెక్కుతోంది.

మూడోసారికి ఎత్తింది. పెద్దావిడ ఫోన్ లాక్కుని స్పీకర్ పెట్టింది.

"మా ఆయననే అమ్మా!" అంది తల్లి. "డాక్టర్ కాడ ఉంటి, ఫోన్ ఇనపడలే. పొల్ల కడుపుల ఉన్నప్పుడు పోయిండు. దానికి గాయన ఫోన్‌లనే ఎరుక. వీడియోల చూపియ్యిర్రి, గుర్తు పడ్తది. కొట్టకుర్రి, మీ కాళ్లు మొక్కుత!"

కాలర్ మీది చెయ్యి వదల్లేదు గానీ, ఎవరూ లాగడం లేదు. నా ఫోన్‌కు వీడియో కాల్ చెయ్యమని అతనికి నంబర్ చెప్పాను. అతన్ని వెనక సీటు దాకా తీసుకుపోయి కూర్చోబెట్టారు. అతను అక్కడి నుంచి చేశాడు. మోగుతున్న నా ఫోన్ ఎత్తి పాప చేతిలో పెట్టాను. తెరలో అతని చెంప మీద కన్నీళ్లూ చాక్లెట్ మరకా కలిసిపోయి ఉన్నాయి.

పాప వెక్కడం ఆపి, తెరను మొహానికి దగ్గరగా పెట్టుకుంది.

"డాడీ! ఎప్పుడొస్తవ్?"

కాలర్ పట్టుకున్నవాడు చెయ్యి తీసేసి కిటికీ బయటికి చూశాడు.

బస్సు కదిలింది. అతను లేచి రెండడుగులు ఇటు వేశాడో లేదో, పాప అతన్ని చూసి మళ్లీ కెవ్వుమంది. పెద్దావిడ చేత్తోనే ఆగమని సైగ చేసింది. అతను వెనక్కి వెళ్లి కూర్చుని ఫోన్‌ను మొహానికి ఎదురుగా పట్టుకున్నాడు.

"వస్తున్న బిడ్డా," అన్నాడు. "జర సేపట్ల వస్త."

పెర్కిట్ దాటి ఆర్మూర్ చేరేదాకా వాళ్లిద్దరూ అలాగే మాట్లాడుకున్నారు.