ఆరో గాటు

ఎల్లారెడ్డి నుంచి పొద్దున వచ్చే, బొగ్గుతో నడిచే బస్సు డ్రైవరు మా వాకిట్లో ఆగి చెప్పాడు. "అమ్మా, మీ వడ్ల కాక పోయిండు. నిన్న పొద్దుమీకి." అతను వెళ్లాక నేను పాఠాలు చెప్పే కామారెడ్డి బడికి పోయి, బోర్డు మీద సగం లెక్క వేసి, మిగతా సగం ఏమిటో తెలియక నిలబడిపోయాను. ఆయన నాకు చుట్టం కాదు. ఎల్లారెడ్డిలో మా నాయనకు బండ్లూ నాగళ్లూ చేసిపెట్టిన వడ్రంగి. అయినా ఈ నాలుగు మాటలు రాయకపోతే నాకు ఊపిరాడదు. రాస్తే ఆడుతుందని నమ్మకమూ లేదు.

మద్రాసు చదువు అయిన కొన్నేళ్లకు ఒక పాత ఇత్తడి దుర్భిణి నా చేతికొచ్చింది. ఆకాశంలో మసక వస్తువేదైనా వెతకాలంటే, తెలిసిన చుక్కను పట్టుకుని, దాని నుంచి పక్కదానికి, అక్కడి నుంచి ఇంకోదానికి అడుగులేసుకుంటూ పోవాలి. నా దుర్భిణి కింది కొయ్య పాతది, వదులుది. చేయి తీయగానే గొట్టం ముక్కు వంచేది. పట్టుకున్న చుక్క పోయేది. మళ్లీ మొదటికి.

ఎల్లారెడ్డి తీసుకుపోతే కాక దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పట్నంల సదివినవు గని, నీ కొయ్యకు నడుం లేదు బిడ్డా," అన్నాడు. బండి ఇరుసు లాంటిది చేసి, ఆముదం పోసి తెచ్చాడు. అదెంత నునుపుగా తిరిగిందంటే, ఊపిరి తగిలినా గొట్టం కదిలిపోయేది. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "బండి ఆగితే నాకు తిట్లు బిడ్డా. జన్మంత ఆగకుండ చేసుడే నేర్సిన. నీది ఆగాల్నంటివి."

ఆగే ఉపాయం ఆయన భార్య దగ్గర దొరికింది. చిన్నమ్మ జొన్నలు విసురుతూ, ఎవరో పిలిస్తే ఇసుర్రాయి పిడి వదిలి లేచింది. పై రాయి వదిలిన చోటే నిలిచింది. కాక దాని ముందు గొంతుక్కూర్చుని పిడిని కొంచెం జరపడం, వదలడం, మళ్లీ జరపడం.

"పిండి అయినంక ఆడుకో," అంది చిన్నమ్మ.

"జర ఆగు. బరువు మీద బరువు గూసున్నది. ఇగ యాడికి పోతది?"

అట్లా రెండు టేకు చక్రాలు పుట్టాయి. ఒకటి పక్కలకు, ఒకటి పైకీ కిందికీ, పలకల మధ్య తోలు. గొట్టంలో కనబడే ఆకాశం వెడల్పుకు ఒకటి చొప్పున అంచుల మీద గాట్లు పెట్టాడు. గాట్లకు ఆనించి ఒక వెదురు బద్ద. చక్రం గాటు దాటినప్పుడల్లా టక్కుమనేది. గాట్లు చూడటానికి కందిలి పెడదామంటే వద్దన్నాడు. "చెవులున్నయి గద."

నలుచదరంగా కనబడే నాలుగు చుక్కలకు ఆయన దర్వాజ అని పేరు పెట్టాడు. దాని మూల నుంచి తూర్పుగా రెండో చుక్క. పుష్యమాసంలో దీపాలు పెట్టాక అది నెత్తికి దగ్గరవుతుంది. దాన్ని పట్టుకుని ఎడమకు పన్నెండు గాట్లు, కిందికి ఆరు. అక్కడ లెక్కలేనన్ని చుక్కలు దూరాన కలిసిపోయి ఒక తెల్లని మరకలా కనిపిస్తాయి. నేను చూస్తూ చెబుతుంటే ఆయన గాట్లు కోశాడు. "అంత దూరంల ఎవలు సల్లిండ్రు పిండి?" అన్నాడు. చూడమంటే, "నీది కానీ తీ, నాకేం తొందర," అన్నాడు.

మరుసటేడు ఆయన చూపు తగ్గింది. కంటి నరం ఎండిపోతోందనీ మందు లేదనీ కామారెడ్డి డాక్టరు చెప్పాడు. ఒక కన్ను పోయింది. రెండోది రోజురోజుకూ మసకబారుతోంది. "సూపు పోకముందు ఆ పిండి ఒక్కపారి సూపియ్యి బిడ్డా." సంక్రాంతి సెలవులకు పోయాను. రోజూ సాయంత్రం మబ్బే. మబ్బు విడిచింది నా ఆఖరి సాయంత్రం. తెల్లారితే నాకు బస్సు.

ఏదో ఒకటి మాట్లాడుతూనే తిప్పాను. కాక వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు.

"ఎట్లున్నది కాకా?"

"ఉన్నది బిడ్డా. పిండే."

నా తల మీద చేయి పెట్టి, చిన్నమ్మ భుజం పట్టుకుని లోపలికి పోయాడు. అప్పుడు నేను కన్ను పెట్టాను. లోపల నలుపు, రెండు చిన్న చుక్కలు. గాట్లు తడిమి లెక్కపెట్టాను. కిందికి అయిదే తిప్పాను.

పిలవాల్సింది. గడప అవతలే ఉన్నాడు. పిలిస్తే ఆయన చెప్పింది అబద్ధమని బయటపడుతుంది కదా అనుకున్నాను. అది ఆయన మీద జాలో, నా తప్పు బయటపడుతుందన్న భయమో ఈనాటికీ తేల్చుకోలేను. ఎండాకాలానికి ఆ కన్నూ పోయింది. ఆ తర్వాత రెండేళ్లు ఎల్లారెడ్డి వెళ్లినా, వాళ్ల కొట్టంలోనే వదిలేసిన ఆ దుర్భిణిని ముట్టలేదు.

మొన్న, ఈ పుష్యంలోనే, పరామర్శకు పోతే చిన్నమ్మే దాని మీది దుప్పటి తీసింది. పైకీ కిందికీ తిప్పే చక్రం మీద, ఆరో గాటు దగ్గర ఒక మేకు. బద్ద వచ్చి దానికి తగిలి, అంతకుమించి పోకుండా.

"నువ్వు బస్సెక్కిన పొద్దే కొట్టిండు," అంది చిన్నమ్మ. "తడుముకుంట. రెండుపార్లు యేలు మీద కొట్టుకున్నడు. ఎందుకయ్యా అంటే, అయిదు సప్పుళ్లే ఇన్న, బిడ్డ లెక్క తప్పింది, ఇంకెవలకన్న సూపెట్టేటప్పుడు తప్పొద్దు అన్నడు."

"నాకెందుకు చెప్పలేదు చిన్నమ్మా?"

"నువ్వే అంటవని సూసిండు. రెండేండ్లు సూసిండు."

దీపాలు పెట్టాక చుక్కను పట్టుకున్నాను. ఎడమకు పన్నెండు. కిందికి మాత్రం లెక్కపెట్టలేదు. బద్ద మేకుకు తగిలి ఆగింది. గొట్టం నిండా, ఇసుర్రాయి చుట్టూ పిండి రాలినట్టు, తెల్లగా ఉంది. ఆకాశం తన దారిన తాను తిరుగుతుంది కదా, కాసేపటికి అది అంచుకు జరిగింది. నా చేయి చక్రం మీదే ఉంది. తిప్పలేదు. అంచు దాటి పోయేదాకా చూస్తూ ఉన్నాను.