గింజల వేడి కొలిచే పరికరం

కరోనా రెండోసారి ఉధృతమైన వేసవిలో మా పట్టణానికి పురపాలక ఎన్నికలు వచ్చాయి. నేను ఇంజనీరింగ్ విభాగంలో పనిచేసేవాణ్ని. పోలింగ్ సామగ్రి బాధ్యత నాకు అప్పగించారు. ప్రతి బూతుకూ జ్వరం చూసే పరికరం, మాస్కులు, శానిటైజరు ఉండాలని ఉత్తర్వు వచ్చింది. వాటికి నిధులు విడిగా పంపుతామని అందులోనే రాశారు. పోలింగుకు నాలుగు రోజుల ముందు వరకు అవి రాలేదు.

అప్పుడు గద్వాల వైపు నుంచి వచ్చి మా పట్టణ శివారులో గోదాములు పెట్టుకున్న విత్తన వ్యాపారులు మొత్తం సామగ్రిని విరాళంగా ఇస్తామని ముందుకొచ్చారు. అట్టపెట్టెలు దింపించి, బ్యానరు ముందు ఫొటో దిగాక, వారిలో పెద్దాయన ఒక పరికరాన్ని గర్వంగా నా చేతిలో పెట్టాడు.

“మా పత్తి గింజ ఆరబెట్టే కాడ ఈ కంపెనీదే వాడుతం సార్. వేడి ఒక్క డిగ్రీ తప్పదు. అవే కొత్తయి తెప్పించినం.”

ఆ మాట నేను స్పష్టంగా విన్నాను. విని, రసీదు మీద సంతకం చేశాను.

పోలింగుకు ముందురోజు ఉదయం కళాశాల మైదానంలో షామియానా కింద సిబ్బందికి బ్యాలెట్ పెట్టెలు పంచాము. వరుసలో వచ్చిన ప్రతి ఒక్కరి నుదుటికీ పరికరం చూపి, అంకెను నేనే రిజిస్టరులో రాశాను. ముప్పై మూడున్నర, ముప్పై నాలుగు, ముప్పై నాలుగున్నర. మనిషి ఒంటి వేడి ముప్పై ఏడుకు దగ్గరగా ఉంటుందని నాకు తెలియనిది కాదు. అందరికీ తక్కువే చూపిస్తోందంటే అందరూ క్షేమమేనని సరిపెట్టుకున్నాను.

బల్మూర్ మండలం నుంచి వచ్చిన ఒక ఉపాధ్యాయురాలికి ముప్పై ఆరు చూపించింది.

“సార్, పొద్దుగాల్నుంచి ఒళ్లు కాలుతుంది. జర ఇంకోసారి చూడుండ్రి.”

మళ్లీ చూశాను. అదే అంకె.

వెనక నిలబడ్డాయన నవ్వాడు. “డ్యూటీ పడ్డదంటే అందరికీ జరమొస్తది టీచరమ్మా! నాకైతే ఆర్డరు జూడంగనే వచ్చింది.”

వరుసంతా నవ్వింది. ఆమె పేరుకెదురుగా ‘ఆరోగ్యం సరిగా ఉంది’ అని రాశాను. ఆమె సంచి తీసుకుని బస్సెక్కింది.

మధ్యాహ్నం మూడింటికి మైదానం ఖాళీ అయ్యాక రిజిస్టరు కూడికలు చూసుకుంటుంటే, మూడు వందల పైచిలుకు అంకెల్లో ఆమెదే అన్నిటికంటే ఎక్కువని కనిపించింది. ప్రథమ చికిత్స పెట్టెలోని పాదరసం థర్మామీటరు నా నాలుక కింద పెట్టుకున్నాను. ముప్పై ఆరు పాయింట్ ఎనిమిది. పరికరాన్ని నా నుదుటికి చూపాను. ముప్పై నాలుగు. అది కొలిచేది గింజ పైపొర వేడి. చర్మం వేడి నుంచి ఒంటి వేడిని లెక్కగట్టడం దానికి తెలియదు.

ఎన్నికల అధికారికి ఫోన్ చేసి పరికరం సంగతీ, ఆమె సంగతీ చెప్పాను.

“ఇప్పుడు చెప్తవా? రేపు ఏడింటికి పోలింగ్ మొదలుగావాలె. ఆమె ఒక్కదాన్ని మార్చు. మిగిలింది ఎవ్వరికి చెప్పకు.”

రిజర్వులో ఉన్న మరో ఉపాధ్యాయురాలిని జీపులో ఎక్కించుకుని, సాయంత్రానికి ఆ జ్వరం టీచరున్న బూతుకు వెళ్లాను. పాఠశాల గదిలో నలుగురు సిబ్బంది పేపరు పరుచుకుని గుండ్రంగా కూర్చున్నారు. ఎన్నికల డ్యూటీలో ఎవరి డబ్బా వారు విడిగా తినరు. జొన్నరొట్టెలు, పల్లిపొడి, పచ్చిపులుసు అన్నీ మధ్యలో పెట్టి కలిసి తింటారు. మాస్కులు మెడల మీదికి జారి ఉన్నాయి. నేను వెళ్లేసరికి తినడం పూర్తయింది.

బల్మూర్ టీచరుకు థర్మామీటరు పెట్టాను. ముప్పై ఎనిమిది పాయింట్ తొమ్మిది. ప్రిసైడింగ్ అధికారి మాస్కు పైకి లాక్కుని, “పొద్దున బాగున్నదని రాసిస్తిరి గద సార్” అన్నాడు.

“పరికరం తప్పు” అన్నాను. తప్పు నాదని అనలేకపోయాను.

రిజర్వు టీచరు గడప దాటలేదు. “నేను వరండాలనే టేబులేసుకుంట సార్. లోపటికైతే రాను.”

అనారోగ్యంతో ఉన్న ఆమెను జీపు వెనక సీటులో కూర్చోబెట్టి అద్దాలన్నీ దింపించాను. దవాఖాన మలుపు దగ్గర ఆమె గొంతు వినిపించింది.

“సార్, బస్సుల నా పక్కకు ఒకామె కూసున్నది. మాస్కు తెగితే నా సంచిలది ఇచ్చిన. ఆమెది వేరే బూతు. పేరు తెల్వదు.”

ఆ బస్సు ఏడు బూతుల వారిని దింపింది. రూటు పట్టిక తయారుచేసింది నేనే. ఆమెను దవాఖాన గేటు లోపలికి పంపి, డ్రైవరును ఆ పట్టికలోని మొదటి బూతుకు పొమ్మన్నాను. అధికారి నుంచి ఫోన్ వచ్చింది.

“మార్చినవా?”

“మార్చాను సార్. బస్సులో వచ్చిన మిగతావాళ్ల దగ్గరికి పోతున్నాను.”

“ఎవ్వరికి చెప్పకన్న గద.”

“చెప్పకుండా థర్మామీటరు పెట్టలేను సార్.”

ఆయన ఫోన్ పెట్టేశారు. మొదటి బూతు ముందు జీపు ఆగేసరికి లోపల పేపరు పరిచి రొట్టెలు విప్పుతున్నారు. కిటికీ పక్కన కూర్చున్న ఒకామె దగ్గుతోంది. పొద్దున ఆమె పేరుకెదురుగా కూడా ‘ఆరోగ్యం సరిగా ఉంది’ అని రాసింది నేనే.