ఉప్పు వెంట నీళ్ళు

పాతిక మార్కుల పరీక్షలో నాకు నాలుగొచ్చాయి. ఆ నాలుగూ జాలిపడి వేసినవేనని పేపరు చూస్తేనే తెలిసిపోతుంది.

తొంభైల చివరి మాట. విజయవాడలో ఒక ఆసుపత్రిని ఆనుకుని ఉన్న నర్సింగ్ స్కూల్లో రెండో ఏడాది చదువుతున్నాను. మాది మైలవరం దగ్గర పల్లె. మా నాన్న మామిడి తోటలకు కాపలా ఉండేవాడు. పదో తరగతి దాకా తెలుగులోనే చదివాను. ఇంటర్‌లో బైపీసీ తీసుకున్నాను గానీ, అదీ తెలుగు మీడియమే. ఇక్కడికొచ్చేసరికి పుస్తకాలన్నీ ఇంగ్లీషు. గుండె, ఊపిరితిత్తులు, కాలేయం లాంటివి బొమ్మలు చూసి ఎలాగో నెట్టుకొచ్చాను. ఎలక్ట్రొలైట్స్ అనే పాఠం దగ్గర మాత్రం చతికిలబడ్డాను. ఒంట్లో ఉండే సోడియం, పొటాషియం, కాల్షియం లాంటి లవణాలు పెరిగితే ఏమవుతుంది, తగ్గితే ఏమవుతుంది అన్నదే ఆ పాఠం. బొమ్మలు లేవు. అన్నీ పట్టికలే. ఏ పట్టిక చూసినా నీరసం, వాంతులు, తికమక అనే రాసుంటుంది.

మాకు ఆ పాఠం చెప్పే మేడమ్‌కు యాభై దాటాయి. తెల్ల చీర, నున్నగా దువ్విన ముడి. ఎప్పుడూ గొంతు పెంచేది కాదు. ఆవిడ నా పేపరు చేత్తో పట్టుకుని నన్ను లేచి నిలబడమంది.

"సోడియం తగ్గితే ఏమవుతుందో అర పేజీ రాశావు. పొటాషియం తగ్గితే ఏమవుతుందో ఇంకో అర పేజీ. రెండూ ఒకటే. పేరొక్కటే మార్చావు. చదివావా?"

"చదివానండి మేడమ్."

"అర్థమైందా?"

క్లాసులో ఎవరో కిసుక్కున నవ్వారు. మేడమ్ నవ్వలేదు. "ఆదివారం చర్చి అయ్యాక మా ఇంటికి రా" అని పేపరు నా చేతిలో పెట్టింది.

హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయిది కొండపల్లి. వాళ్ళ నాన్న బొమ్మలు చెక్కుతాడు. ఆ పిల్లకు ఇదే పరీక్షలో ఇరవై రెండొచ్చాయి. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుని ముందుకీ వెనక్కీ ఊగుతూ గడగడా అప్పజెప్పేది.

"ఎందుకలా అవుతుందే?" అని అడిగితే, "ఎందుకో నాకేం తెలుసు? పుస్తకంలో ఉంది, నేర్చుకున్నా. నువ్వూ నేర్చుకో" అనేది. నాకేమో ఎందుకో తెలియని మాట ఒక్కటి కూడా తలకెక్కేది కాదు.

ఆ ఆదివారం సిటీ బస్సెక్కి పటమటలో దిగాను. పుస్తకం తెరిచి తిడుతుందనుకుంటూ వెళ్ళాను. మేడమ్ వసారాలో పీట మీద కూర్చుని మామిడికాయలు తొక్క తీస్తోంది. పక్కన ఇంకో పీట, ఇంకో చాకు పెట్టి ఉన్నాయి.

"కూర్చో. మాగాయ పెడుతున్నాను. ముక్కలు కోయడం వచ్చా?"

మామిడి తోటల్లో పెరిగినదాన్ని, రాకేం! చకచకా కోసేశాను. పెద్ద బేసిన్ నిండా ముక్కలయ్యాయి. మేడమ్ పసుపు వేసి, దోసిళ్ళతో ఉప్పు వేసి కలిపింది. తర్వాత లోపలికి వెళ్ళి టీ పెట్టుకొచ్చింది. టీ తాగుతున్నంతసేపూ పాఠం ఊసే లేదు. మా ఊరి సంగతులు, అమ్మ సంగతులు అడిగింది. గంట గడిచిందో లేదో బేసిన్ నా ముందుకు జరిపింది.

"చూడు."

ముక్కలు మెత్తబడి, అడుగున నీళ్ళు ఊరాయి.

"ఈ నీళ్ళు ఎవరు పోశారు?"

"ఎవరూ పోయలేదండి. ఊట కదండీ అది. ముక్కల్లోంచి వచ్చింది."

"ఎందుకొచ్చింది?"

ఎందుకంటే? మా అమ్మ ఏటా పెడుతుంది, ఏటా వస్తుంది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

"ఉప్పు వేశాం కాబట్టి..." అన్నాను నసుగుతూ.

"ఉప్పెక్కడుంది?"

"ముక్క బయట."

"నీళ్ళెక్కడికి వచ్చాయి?"

"బయటికే."

అంటూనే ఆగిపోయాను. మేడమ్ నన్నే చూస్తోంది. ఒక మెత్తబడ్డ ముక్క తీసి గిన్నెడు మంచినీళ్ళలో వేసి, "ఇప్పుడేమవుతుంది?" అంది.

"ఇప్పుడు ఉప్పు ముక్కలోనే ఎక్కువుంది. బయటివి మంచినీళ్ళు. అయితే నీళ్ళు లోపలికి పోతాయి. ముక్క ఉబ్బుతుంది!"

"ఇప్పుడు అది మామిడి ముక్క కాదు, మెదడులో ఒక కణం అనుకో. చుట్టూ ఉన్నది రక్తం. రక్తంలో సోడియం తగ్గింది."

పీట మీద నుంచి లేచి నిలబడిపోయాను. "మెదడు ఉబ్బుతుంది! పుర్రె గట్టిది కదండీ, ఉబ్బడానికి చోటుండదు. అందుకే తికమక, అందుకే వాంతులు, అందుకే ఫిట్స్!" పట్టికలో విడివిడిగా పడున్న మాటలన్నీ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వరసగా నిలబడ్డట్టనిపించింది. ఉప్పెక్కడుంటే నీళ్ళక్కడికి పోతాయి. ఇంతేనా! ఇంత చిన్న సంగతికా నెల రోజులు ఏడ్చాను!

"అరవకే, పక్కింటివాళ్ళు లేస్తారు" అంది మేడమ్. ఆవిడ నవ్వడం చూడటం నాకదే మొదటిసారి.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కూర్చోలేకపోయాను. సీటున్నా కడ్డీ పట్టుకుని నిలబడే వచ్చాను. హాస్టల్లో నా స్నేహితురాలి పుస్తకం లాక్కుని పట్టికలో ఏది ఎందుకో చెప్పుకుంటూ పోయాను. "నీకు పిచ్చి పట్టింది" అంది అది.

నాలుగు రోజులు తిరగకముందే, ఆడవాళ్ళ మెడికల్ వార్డులో మాకు పొద్దుటి డ్యూటీ పడింది. అవనిగడ్డ అవతల పల్లె నుంచి ఒక పెద్దావిడను జీపులో తీసుకొచ్చారు. అరవయ్యేళ్ళుంటాయి. కళ్ళు తెరిచే ఉంది గానీ మనుషుల్ని పోల్చుకోవడం లేదు. పక్కనున్న కూతుర్ని పట్టుకుని "అమ్మా, అమ్మా" అంటోంది. వడదెబ్బని కూతురంటోంది. తోడొచ్చినావిడ గాలి సోకిందంటోంది. డాక్టరు గారు కుర్రాయన. చేతులూ కాళ్ళూ కదిలించి చూసి, షుగరు పరీక్ష చేయించి, అది బాగానే ఉందనేసరికి పక్షవాతమేమోనన్న అనుమానంతో స్కానింగ్‌కు రాశారు.

ఆవిడకు ఒళ్ళు తుడిచి దుప్పటి మార్చమని నాకు చెప్పారు. తుడుస్తూ కూతురితో మాట కలిపాను.

"ఎప్పట్నించండీ ఇలా?"

"మూడ్రోజులైందమ్మా. ముందు తలనొప్పంది, వాంతి చేసుకుంది. తర్వాత ఇదిగో, ఇలా మాటలు తప్పిపోయాయి. ఎండలు కదా, వడదెబ్బని గంటకోసారి చెంబుడు నీళ్ళు తాగిస్తానే ఉన్నా. గ్లూకోజు కూడా కలిపిచ్చా. అయినా తగ్గలా."

"అంతకుముందు ఏమైనా జబ్బుందా?"

"బీపీ అన్నారమ్మా, నెల కిందట. మాత్రిచ్చారు. ఉప్పు తగ్గించమన్నారు. తగ్గించడమేంటి, మొత్తానికే మానేపించా. నెల్రోజుల్నించీ చప్పిడి కూడే. ఒక్క పూట కూడా తప్పలేదమ్మా, మా అమ్మ మాట వింటది."

నా చేతిలో తడిగుడ్డ ఆగిపోయింది. "మాత్రేదండీ? ఉందా?"

ఆవిడ చీర కొంగు ముడిలోంచి మాత్రల పట్టీ తీసింది. పేరు చదివాను. మూత్రంతో పాటు ఉప్పును కూడా బయటికి పంపించి బీపీ తగ్గించే మాత్ర. నోట్లోకి ఉప్పు పోవడం లేదు. మాత్రేమో ఒంట్లో ఉన్న ఉప్పును తోసేస్తోంది. దానిమీద చెంబులకు చెంబులు మంచినీళ్ళు. గిన్నెలో వేసిన మామిడి ముక్క నా కళ్ళముందు ఉబ్బుతోంది.

వార్డు చివర మేడమ్ వేరే పిల్లలకు మందులు చూపిస్తోంది. పట్టీ పట్టుకుని పరుగున వెళ్ళాను.

"మేడమ్, ఆవిడకి సోడియం తగ్గిందండి! చప్పిడి తిండి, మూత్రం మాత్ర, నీళ్ళు, మూడూ ఉన్నాయండి!"

మేడమ్ ఆ మాత్రల పట్టీ చూసింది. "నాతో కాదు. డాక్టరు గారితో చెప్పు."

డాక్టర్లతో నేను అప్పటిదాకా "ఎస్ సర్" తప్ప ఇంకో మాట అనలేదు. మేడమ్ వెనకే నిలబడింది. నేను ఇంగ్లీషులో మొదలుపెట్టి, రెండో వాక్యంలోనే తడబడ్డాను. ఆయన తలెత్తి, "తెలుగులో చెప్పమ్మా" అన్నారు. అంతే, గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. ఆయన పట్టీ తీసుకుని, మళ్ళీ మంచం దగ్గరికొచ్చి, కూతుర్ని అవే ప్రశ్నలడిగారు. రక్తం తీయించి పంపారు. స్కానింగ్ కూడా చేయించారు. అందులో ఏమీ లేదు.

రిపోర్టు మధ్యాహ్నానికొచ్చింది. నూట ముప్పై అయిదుకు పైన ఉండాల్సిన సోడియం నూట పది దగ్గరుంది.

ఎగిరి గంతేయాలనిపించింది. వెంటనే సిగ్గేసింది కూడా. అక్కడ ఒక మనిషి కూతుర్నే పోల్చుకోలేక పడుంటే నాకీ సంతోషమేమిటి? అయినా ఆగేది కాదది. "ఉప్పునీళ్ళు గబగబా ఎక్కించేద్దామా మేడమ్?" అన్నాను.

"మొన్న మంచినీళ్ళలో వేసిన ముక్కను తీసి మళ్ళీ ఉప్పులో పడేస్తే?"

"ముడుచుకుపోతుందండి."

"రోజుల తరబడి ఆ నీళ్ళకు అలవాటు పడ్డ మెదడు ఒక్కసారిగా అలా ముడుచుకుపోతే, మనిషి మళ్ళీ లేవకపోవచ్చు. మెల్లిగా పెంచాలి. చుక్కలు లెక్కపెట్టు."

సెలైన్ ఎంత వేగంగా పోవాలో డాక్టరు గారు రాసిచ్చారు. మాత్ర ఆపించారు. తాగే నీళ్ళు కొలత ప్రకారమే ఇమ్మన్నారు. నేను గడియారం చేత్తో పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాను. నిమిషానికి ఎన్ని చుక్కలు పడుతున్నాయో లెక్కపెట్టడం, ఎక్కువైతే పైపు మీది చిన్న చక్రం తిప్పి తగ్గించడం. అంతకుముందు ఈ పనంటే నాకు ఆవలింతలొచ్చేవి. ఆ రోజు మాత్రం ఒక్కో చుక్కా ఎక్కడికి పోతోందో, అక్కడికెళ్ళి ఏం చేస్తోందో కనిపిస్తున్నట్టే ఉంది. డ్యూటీ అయిపోయినా లేవబుద్ధి కాలేదు. రెండ్రోజులు పూటకోసారి రక్తం తీసి చూశారు. అంకె కొంచెం కొంచెంగా పైకెక్కుతూ వచ్చింది.

మూడో రోజు పొద్దున నేను దుప్పటి సర్దుతుంటే పెద్దావిడ కూతురి వైపు తిరిగింది.

"ఏమే, నువ్విక్కడ కూర్చుంటే గేదెకి కుడితెవరు పెడతన్నారే?"

కూతురు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తూ, నవ్వుతూ, "పక్కింటోళ్ళు పెడతన్నార్లేమ్మా" అంది. నేను అక్కడ నిలబడలేక మందుల గదిలోకి పరుగెత్తి, నా స్నేహితురాలి రెండు చేతులూ పట్టుకుని గుండ్రంగా తిప్పేశాను. దాని చేతిలోని ట్రే కింద పడింది.

ఇక్కడితో ఆపితే నేనేదో గొప్పదాన్నయిపోతాను. ఆ వారమంతా నా కాళ్ళు నేలమీద లేవు. ఎవరిని చూసినా సోడియమే, పొటాషియమే. కాలు పిక్క పట్టేసిందన్న వంటమనిషిని కూడా వదల్లేదు. అలాంటి ఊపులోనే, అదే వార్డులో మూలమంచం మీదున్న ఒకావిడ భర్త నన్ను పిలిచాడు.

"నర్సమ్మగారూ, మా ఇంటిదానికి నోటికేం సయించటం లేదండీ. ఏం పెట్టమంటారు?"

"కొబ్బరినీళ్ళివ్వండి బాబాయిగారూ. ఒంటికి కావలసిన లవణాలన్నీ ఉంటాయి" అన్నాను హుషారుగా. ఆయన సంబరంగా కిందికి వెళ్ళాడు. నేను గర్వంగా వచ్చి నా స్నేహితురాలికి చెప్పాను. అది మంచం దుప్పటి మడుస్తున్నదల్లా ఆగిపోయింది.

"ఆవిడకి కిడ్నీలు పాడయ్యాయి కదే! అరటిపండు, కొబ్బరినీళ్ళు, బత్తాయి, టమాటా... ఇవ్వకూడని జాబితాలో రెండోదే కొబ్బరినీళ్ళు. పొటాషియం బయటికి పోదు. పెరిగితే గుండె ఆగుతుంది!"

మెట్లు ఎలా దిగానో నాకు తెలియదు. గేటు దగ్గర ఆయన బొండాం కొట్టించుకుని, స్ట్రా వేయించుకుని వస్తున్నాడు. "ఆగండి! ఇవ్వకండి, నాదే తప్పు!" అని చేతిలోంచి లాక్కున్నంత పని చేశాను. ఆయన బిత్తరపోయి నన్నూ బొండాన్నీ మార్చి మార్చి చూశాడు. వివరంగా చెప్పి, చేతులు జోడించాను. "పోన్లే తల్లీ, ఇంకా తాగలేదుగా. నువ్వు తాగు, దడుచుకున్నావు" అన్నాడాయన.

మేడమ్‌కు నేనే వెళ్ళి చెప్పాను.

"కేసు షీటు చూశావా?"

"లేదు మేడమ్."

"ఇవ్వకూడదని నీకు చెప్పినదెవరు?"

"నా పక్క మంచం అమ్మాయండి. దానికన్నీ కంఠతా వచ్చు."

"ఇకనుంచి ఇద్దరూ కలిసి చదవండి. ఇద్దరికీ మంచిది" అని కళ్ళజోడు సర్దుకుంది.

ఆ సాయంత్రమే హాస్టల్ మెట్ల మీద కూర్చున్నాం. అది కళ్ళు మూసుకుని ఒక్కో ముక్కా అప్పజెప్పడం, నేను ఎందుకని అడగడం, జవాబు దొరికేదాకా ఇద్దరం పుస్తకం తిరగేయడం. పొటాషియం పెరిగితే గుండె ఎందుకు తడబడుతుందో తేలేసరికి ఇద్దరం మెట్ల మీద నిలబడి వాదించుకుంటున్నాం. భోజనాల గంట కొట్టారు. ఎవరం కదల్లేదు. నా స్నేహితురాలు పేజీ తిప్పి కాల్షియం పాఠం తీసింది. మొదటి వాక్యం చదివి, కళ్ళు మూసుకోకుండా నా వైపు చూసింది.

"ఎముకల్లో ఉండాల్సింది రక్తంలో ఎందుకుంటుందే?"