కట్టెల అడ్డాలో దాచిన స్టవ్

మా చిన్నప్పుడు... సీతాఫల్‌మండిలో మా ఇంటి ముందు ఎటు చూసినా కట్టెలే. గోడ వారగా కట్టెలు, మంచం పక్కన కట్టెలు, ఆఖరికి తులసికోట వెనక కూడా కట్టెలే. మా అమ్మ పొయ్యిలోకి మాత్రం ఒక్క మంచి కట్టె దొరికేది కాదు!

నాయనది కట్టెల అడ్డా. లారీలో వచ్చిన దుంగలు దింపించి, గొడ్డలితో చీల్చి, పెద్ద కాటా మీద తూచి అమ్మేవాడు. బాగా ఎండిన తుమ్మ, చింత కొనేవాళ్ళకి. మాకు మిగిలేది బెరడు, పేళ్ళు. దీపం కిందే చీకటి అన్నట్టు... అయినా అమ్మ నవ్వుతూనే వండేది. బెరడు తొందరగా అంటుకుంటుందిలే అనేది.

తరవాత దుంగల ధరలు పెరగడం మొదలైంది. అడవి నుంచి వచ్చే లారీలు తగ్గాయి. వచ్చిన మంచి దుంగలన్నీ కోత మిషన్ల వాళ్ళు ఎగరేసుకుపోయేవాళ్ళు. నాయన ధర పెంచితే గిరాకీ పోతుంది, పెంచకపోతే లారీ కిరాయి కూడా రాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అందుకని అంతకుముందు మాకు వదిలేసే బెరడు కూడా గంపలకెత్తి అమ్మడం షురూ చేశాడు. మొదటి దెబ్బ అమ్మ పొయ్యి మీదే పడింది.

ఇక మాకు మిగిలినవి గొడ్డలికి లొంగని పచ్చి మొద్దులు. అవి మండేవి కావు... చివర్ల నుంచి నీళ్ళు కారుతూ ఇల్లంతా పొగ చేసేవి. ఊదుగొట్టంతో ఊదీ ఊదీ అమ్మ కళ్ళు చింతనిప్పులయ్యేవి. దగ్గు పట్టుకుంది. మొదట్లో పొద్దున పూటే... తరవాత నాలుగు మాటలు మాట్లాడినా దగ్గే. బడి నుంచి వస్తూ సందు మొదట్లోనే చెవులు రిక్కించేదాన్ని. అమ్మ దగ్గు వినిపిస్తే భయం, వినిపించకపోతే ఇంకా భయం.

మా సందులోనే ఉండే మేరీ టీచరమ్మ నీళ్ళు కాచుకోవడానికి మా దగ్గరే కట్టెలు కొనేది. ఓ రోజు నాయనని నిలబెట్టి అడిగేసింది. "నర్సింహ గారూ, ఆవిడకి ఊపిరాడట్లేదండీ. మీకు వినపడట్లేదా? ముందు డాక్టరుకి చూపించండి."

చూపించాడు. పొగ దగ్గర కూర్చోవద్దని చెప్పాడు డాక్టరు. కట్టెల మీద బతికే ఇంటికి ఆ మాట!

కిరసనాయిలుతో మండే వత్తుల స్టవ్ ఒకటి కొందామంది అమ్మ. నాయన తల పట్టుకున్నాడు. "కట్టెలమ్మెటోని ఇంట్ల స్టవ్ ఉందని తెలిస్తె, మన కట్టెలు ఎవలు కొంటరే?"

అయినా కొన్నాడు. మోండా మార్కెట్ నుంచి గోనెసంచిలో చుట్టి, పైన పుల్లలు పేర్చి, సైకిల్ మీద దొంగసొమ్ములా తెచ్చాడు. లోపలి గదిలో తలుపూ కిటికీ మూసుకుని దాని మీద వండాలి. వాకిట్లో మాత్రం కట్టెల పొయ్యి మండుతూనే ఉండాలి... వచ్చేపోయేవాళ్ళు చూడ్డానికి! దాని మీద ఉత్త నీళ్ళ గిన్నె. ఆ పొయ్యికి కాపలా నేను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు ఎవరైనా కిరసనాయిలు వాసన పసిగడతారేమోనని పొయ్యిలోకి ఇంకో పుల్ల తోసేదాన్ని.

మూసిన గదిలో ఆ వాసనకి అమ్మ దగ్గు తగ్గుతుందా? ఇంకా ముదిరింది.

ఓ పొద్దున యాదగిరి మామ వచ్చాడు. స్టేషన్ దగ్గర మెస్ నడిపేవాడు. మా గిరాకీలందరిలో పెద్దవాడు. ఆయనొక్కడు పోతే అడ్డా మూతపడ్డట్టే. ధర సంగతి ఎత్తుతాడని నాయనే ముందు మొదలుపెట్టాడు.

"జెర పిరమైంది గని యాదన్నా, కట్టె మీద వండిన బువ్వ రుచే వేరు. మా ఇంట్ల సుత ఇవే కట్టెలు..."

లోపల అమ్మకి దగ్గు తెర అందుకుంది. ఆగకుండా... ఆగకుండా... ఉన్నట్టుండి ఆగిపోయింది. గిన్నె కింద పడ్డ చప్పుడు.

నాయన కాటా మీద కట్టెలు అట్లాగే వదిలేసి లోపలికి ఉరికాడు. అమ్మని రెండు చేతుల మీద ఎత్తుకొచ్చి వాకిట్లో మంచం మీద కూర్చోబెట్టాడు. ఆమె గాలి కోసం నోరు తెరిచి కొట్టుకుంటుంటే, వీపు రాస్తూ ఏడ్చేశాడు. నాయన ఏడవగా అంతకుముందెప్పుడూ చూడలేదు నేను. అమ్మ కాస్త తెరిపిన పడ్డాక లోపలికి పోయి స్టవ్ తెచ్చి, అందరికీ కనబడేటట్టు కాటా పక్కనే పెట్టాడు.

"ఇగ ఈడనే వండు. చూసెటోళ్ళు చూడనియ్. పోయెటోళ్ళు పోనియ్."

యాదగిరి మామ స్టవ్ వంక చూశాడు. కండువాతో మొహం తుడుచుకున్నాడు. "మా మెస్సుకు సుత గ్యాస్ మంజూరైంది నర్సింహా... నీకెట్ల చెప్పాల్నో తెలువక పరేషాన్ల ఉన్న. అది చెప్దమనే వచ్చిన."

ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు అదే దాచుకున్నారన్నమాట! దాని కోసమా మా అమ్మ తలుపులేసుకుని వండింది?

అడ్డా ఎక్కువ కాలం నిలబడలేదు. నాయన వేరేవాళ్ళ కోత మిషన్‌లో పనికి కుదిరాడు. అమ్మ ఊపిరి మాత్రం మళ్ళీ మామూలు కాలేదు. ఇప్పటికీ నాకు కోపమొస్తుంది... నాయన మీదనో, ఆ ధరల మీదనో తేల్చుకోలేను. నాయన పోయి కూడా చాలా ఏళ్ళయింది.

మొన్న అమ్మని పద్మారావు నగర్‌లో ఓ కొత్త హోటల్‌కి తీసుకెళ్ళాం. 'కట్టెల పొయ్యి వంట' అని బయట పెద్ద బోర్డు, అందుకు తగ్గట్టే ధరలు. పొగ వాసన భలే ఉందంటూ మా పిల్లలు లొట్టలేసుకుంటూ తింటున్నారు. అమ్మ ముద్ద కలిపింది గానీ నోట్లో పెట్టుకోలేదు. ఇన్‌హేలర్ ఉన్న సంచి ఒళ్ళో పెట్టుకుని వంటింటి వైపే చూస్తోంది.

"ఏందమ్మా, మంచిగ లేదా?" అన్నాను.

"మంచిగనే ఉంటది బిడ్డా... లోపల పొయ్యి ఊదెటామె ఎవలో?"

కట్టెల పొయ్యి అన్నం రుచి గురించి అందరం రాసుకుంటాం, ఇప్పుడు డబ్బు పెట్టి మరీ వెతుక్కుంటున్నాం... మీ ఇంట్లో ఆ పొయ్యి ఊదిందెవరు? రుచి సంగతి తరవాత... ముందు ఆమె పేరు కింద రాయండి.