ఆయన సీటు

కారు మా ఆయనది. పర్చూరు నుంచి కిరాయిలకు తిప్పేవాడు. పక్షవాతం వచ్చి ఎడమ కాలు పట్టు తప్పాక స్టీరింగ్ నా చేతికొచ్చింది. యాభై దాటాక చర్చిలో సాయంత్రం బడికి వెళ్ళి అక్షరాలు నేర్చుకున్నాను. ఆ ధైర్యంతోనే లైసెన్సూ తెచ్చుకున్నాను. వారం వారం ఆయన్ని బ్రాడీపేటలో కాలికి వ్యాయామం చేయించే క్లినిక్కుకు తీసుకెళ్ళేదాన్ని.

సీటు మాత్రం ఆయన పొడుగుకు పెట్టుకున్న చోటే ఉండేది. "దాన్ని కదిలించమాకే. మళ్ళీ నాకు కుదరదు" అన్నాడు మొదటిరోజే. మళ్ళీ తోలతానన్న ఆశ ఆ మాటలో ఉంది. నేను పొట్టిదాన్ని. క్లచ్ అందక ముందుకు జారి కూర్చునేదాన్ని. వెనక ఖాళీ పూడ్చడానికి మా చేలో పత్తితో లావుపాటి దిండు కుట్టాను. అది వీపును ముందుకు నెట్టేది. చిలకలూరిపేట చేరేసరికి నడుములో నిప్పు రాజుకునేది.

అయినా ఆపేదాన్ని కాదు. మిరప కోతల్లో సాలు చివరిదాకా నడుమెత్తకూడదని పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. మధ్యలో ఎత్తితే మళ్ళీ వంగదట. రోడ్డు మీదా అదే పద్ధతి. నడుము పట్టేస్తే ఈయన్ని ఎవరు తీసుకెళ్తారన్న దిగులు మాత్రం బండి దిగాక కూడా వదిలేది కాదు. వంట చేస్తున్నా అదే, పడుకున్నా అదే.

ఒకరోజు క్లినిక్కు ముందు తలుపు పట్టుకుని దిగుతుంటే, ఆయనకు వ్యాయామం చేయించే అమ్మాయి చూసింది.

"ఏంటాంటీ, పేషెంటు మీరా, అంకులా?"

దగ్గరికొచ్చి దిండు తీసేసింది. సీటు కింద కడ్డీ మీద చెయ్యి వేసింది. నేను ఆయన వంక చూశాను.

"అది జరపొద్దమ్మా" అన్నాడు ఆయన.

"జరపకపోతే వచ్చే నెల ఇద్దరూ ఆటోలో రావాలి అంకుల్."

ఆ అమ్మాయి కడ్డీ ఎత్తింది. సీటు కిర్రుమంటూ ముందుకొచ్చింది. వెనక్కి వాలిన సీటు వీపు భాగాన్ని కాస్త నిలువు చేసింది. నన్ను మళ్ళీ కూర్చోబెట్టి, చిన్న తువ్వాలు చుట్టి నడుము వంపులో పెట్టింది.

"క్లచ్ పూర్తిగా తొక్కండి. నడుము సీటును వదలకూడదు. అప్పుడు కూడా మోకాలు కొంచెం వంగే ఉండాలి. మధ్యలో ఒకచోట ఆపి దిగి నడవండి."

ఆఖర్న అద్దం సరిచేసుకున్నాను. కాలు హాయిగా అందింది. ఆ హాయి నాకే తప్పుగా తోచింది.

తిరుగుదారిలో ఆయన పలకలేదు. గేరు మార్చినప్పుడల్లా నా మోకాళ్ళ వైపు చూస్తున్నాడు. తిట్టినా బాగుండేది. చిలకలూరిపేట దాటాక మిరపకాయలు ఆరబోసిన కళ్ళం పక్కన ఆపాను. ఘాటుకు ఇద్దరం దగ్గాం.

"ఎందుకాపావు?"

"నడవమంది కదయ్యా."

దిగి అటూ ఇటూ నడిచాను. ఆయనది కోపమో, బాధో తేల్చుకోలేక ఇంకో చుట్టు తిరిగొచ్చాను. ఆయన కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"ఏమే, ఇందాకటి నుంచి నీ జబ్బ తప్ప మొహం కనపడట్లా. ఎవరితో మాట్లాడాలి నేను?"

"మాట్లాడితేగా!"

"నాది కూడా కాస్త ముందుకు జరుపు."

ఆయన వైపు తలుపు తీసి, ఎడమ కాలు రెండు చేతులతో పట్టుకుని సర్దాను. కడ్డీ ఎత్తాను. ఆయన కుడికాలితో నేలను తన్ని, సీటుతో పాటు ముందుకొచ్చాడు.

"ఇంకొంచెం" అన్నాడు.