సలేశ్వరం లోయలో ఒక పిలుపు

మొన్న ఆదివారం మా వీధి చివరి టీకొట్టు దగ్గర నలుగురు కుర్రవాళ్లు ఒక ఫోను చుట్టూ మూగి ఏదో చూస్తున్నారు. నల్లమలలోని సలేశ్వరం పోయొచ్చారట. నేను చెక్క బల్ల మీద కూర్చోగానే, పెద్దాయన కదా అని మర్యాదగా నాకూ చూపించారు. రెండు కొండల నడుమ లోతైన లోయ, ఎత్తైన రాతిగోడ, దాని మీద నుంచి గుండంలోకి జారే తెల్లని ధార. “ఎప్పుడన్న పోయిన్రా సార్? వాటర్‌ఫాల్స్ మస్తుంటది” అన్నాడు ఒకడు. పోయానని చెప్పాను. ఎలా ఉందనిపించింది అని అడిగితే మాత్రం టీ గ్లాసు అందుకున్నాను. నేను పోయిన నాడు నాతో వచ్చిన మనిషి ఆ ధార వైపు ఒక్కసారి కూడా తలెత్తలేదు. ఆమెను కనిపెట్టుకుని ఉండటంలో నేనూ సరిగ్గా చూడలేదు. చూసి రావలసిన చోటికి వెళ్లి, అక్కడి మనుషుల ముఖాలు మాత్రమే చూసి వచ్చినవాళ్లం మేమిద్దరమే అయి ఉంటాం.

ఆ మనిషి మా చిన్నమ్మ, మా అమ్మకు స్వయానా చెల్లెలు. ఆమెను పెద్దమందడి దగ్గరి పల్లెలో ఇచ్చారు. చిన్నాయన గొప్ప రైతూ కాదు, చెడ్డ రైతూ కాదు. వాన పడితే పండించేవాడు, పడకపోతే అరుగు మీద కూర్చునేవాడు. మా మెట్ట పొలాల వైపు చాలామంది సేద్యం ఇదే. రెండువేల సంవత్సరం దాటిన తర్వాత వరుసగా వచ్చిన కరువు ఏళ్లలో అరుగు మీద కూర్చునే రోజులే ఎక్కువయ్యాయి. బోరు వేస్తే దుమ్ము లేచింది, మరో చోట వేస్తే అక్కడా దుమ్మే. అప్పటి నుంచి ఆయన మాట తగ్గించాడు. ఒకరోజు పొద్దున, మల్దకల్ తిమ్మప్ప జాతరలో ఎడ్లజత ఒకటి చూసొస్తానని తువ్వాలు భుజాన వేసుకుని బయలుదేరాడు. ఎడ్లు కొనే స్థితి ఆ ఇంట్లో లేదని అందరికీ తెలుసు. అయినా చూడటానికేం పోయిందిలే అనుకున్నారు. జాతర ముగిసింది, బండ్లు తిరిగొచ్చాయి, చిన్నాయన రాలేదు.

వెతకని చోటు లేదు. గద్వాల బస్టాండు, రాయచూరు మిల్లులు, కర్నూలు దవాఖాన, మా పాలమూరు కూలీలు గుడిసెలు వేసుకుని ఉండే పుణె, ముంబై. ఒకసారి కృష్ణలో శవం తేలిందని కబురు వస్తే బీచుపల్లి వంతెన దగ్గరికి పరుగెత్తాం. ఆ శవం వేరేవాళ్ల మనిషిది. చిన్నమ్మ ఒడ్డున కూర్చుని పెద్దగా ఊపిరి వదిలింది. పక్కనే ఆ వేరేవాళ్లు గుండెలు బాదుకుంటుంటే, మనది కాదన్న ఊరటకు సిగ్గుపడి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇలా మూడేళ్లు గడిచాయి. మనిషి ఇంత కాలం కనబడకపోతే మా వైపు దర్భలతో బొమ్మ కట్టి, దానికి ఆ మనిషి పంచె చుట్టి, చితి పేర్చి కాలుస్తారు. ఆనాటి నుంచి ఆయన పోయినట్టు, ఆమె గాజులు తీసినట్టు. చిన్నమ్మకు బావ వరుసయ్యే చిన్నాయన అన్న, ఆ పని చేసేద్దామన్నాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. పొలం కాగితాలు కదలటం లేదు, ఇంట్లో ఏ శుభం తలపెట్టినా ముందు ఆ మనిషి సంగతి తేల్చుకోమని పురోహితుడు అడ్డం పడుతున్నాడు.

“ఎన్నేండ్లని సూద్దుమమ్మా, ఉంటే రాకపోవునా” అన్నాడు ఆయన.

“సచ్చిండని ఎవరన్న సూసిన్రా? నా చేతులకు గాజులుంటే మీకేం బరువైతున్నది?” అన్నది చిన్నమ్మ.

సరిగ్గా ఆ రోజుల్లోనే వాళ్ల ఊరి మనిషి ఒకడు, కిందటేడు సలేశ్వరం జాతరలో గుండం దగ్గర సాధువుల మధ్య అచ్చం మీ ఆయన లాంటివాణ్ణి చూశానని చెప్పాడు. ఏడాది పాటు ఎందుకు చెప్పలేదంటే, గడ్డం ఉండె, అనుమానం తీరలే అన్నాడు. బావ ఒక మెట్టు దిగాడు. “సరే, సలేశ్వరం పున్నమ దాక ఆగుతం. పొయ్యిరా. దొరకకుంటె వచ్చే అమాసకు చేసేద్దాం” అన్నాడు. అలా చిన్నమ్మ మూడేళ్లుగా ఒంటి చేత్తో ఆపుతున్న చావుకు గడువు పడింది.

నేనప్పుడు వనపర్తిలో ఒక దినపత్రికకు విలేకరిని. జాతర వార్త ఎలాగూ రాయాలి. జాతర వార్తకు మా దగ్గర తయారుగా ఒక అచ్చు ఉండేది. ‘భక్తులతో పోటెత్తిన’ అని మొదలుపెట్టి, ‘ఏర్పాట్లు చాలక ఇబ్బందులు’ అని ముగిస్తే సరిపోయేది, నడుమ ఊరి పేరు మార్చుకోవాలంతే. కనుక సెలవు అడగకుండానే చిన్నమ్మతో బయలుదేరాను. లింగాలలో జీపు ఎక్కాం. ఆ అడవి దారి ఏడాది పొడుగునా మూసి ఉండి, చైత్ర పున్నమ రోజుల్లోనే తెరుచుకుంటుంది. అందుకే జీపులో మనుషులు కూర్చోలేదు, ఒకరి మీద ఒకరు పేర్చబడ్డారు. నా మోకాళ్ల మీద సగం భారం వేసిన ఒక లావుపాటి రైతు చిన్నమ్మను పలకరించాడు.

“ఏం మొక్కుకున్నవ్ అక్కా?”

“మొక్కు గాదన్నా. మా ఇంటాయనను తోల్కపోను వచ్చిన.”

“గుంపుల తప్పిపోయిండా?”

“ఆఁ, తప్పిపోయిండు.”

“పొద్దుగాలనా, నిన్ననా?”

“మూడేండ్లాయె.”

ఆయన నా మోకాళ్ల మీది భారం ఎందుకో కొంచెం తగ్గించాడు.

జీపులు ఆగిన చోటి నుంచి కాలిదారి. ఎండకు ఆకు రాల్చిన చెట్లు, వాటి కింద ఎండిన వెదురాకు పరుపు, ఎక్కడో రాలిన ఇప్పపూల మత్తు వాసన. కొమ్మల మీద కొండముచ్చులు వరసగా కూర్చుని, ఈ మనుషులంతా ఎక్కడికి పోతున్నారా అన్నట్టు చూస్తున్నాయి. కొంత దూరం పోయాక దారి ఒక్కసారిగా లోయలోకి పడిపోతుంది. ఒక పక్క రాతిగోడ, మరో పక్క ఏమీ లేదు. దిగేవాళ్లు “వస్తున్నం వస్తున్నం లింగమయ్యో” అని అరుస్తారు, ఎక్కేవాళ్లు “పోతున్నం పోతున్నం లింగమయ్యో” అంటారు. ఆ కేకలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కొండకు కొట్టుకుని తిరిగొస్తాయి. చిన్నమ్మ ఏ కేకా వేయలేదు. ఎదురొచ్చే ప్రతి మనిషికీ చిన్నాయన పాత ఫొటో చూపించేది. ఫొటోలో గడ్డం లేదు గనుక, బొటనవేలు ఆయన గడ్డం మీద అడ్డంగా పెట్టి, “ఈడ గడ్డమున్నదనుకోన్రి” అనేది. కొందరు ఫొటో చూసేవారు, కొందరు ఆమె వేలిని చూసేవారు, కొందరు జాలిగా నన్ను చూసేవారు. ఒకామె మాత్రం “ఈ లోయల గడ్డమున్నోళ్లందరు గిట్లనే ఉంటరు చెల్లే” అని దారి ఇచ్చింది. ఆ మాట నిజమేనని నాకు కిందికి దిగాక తెలిసింది.

అడుగున గుండం. ఎండాకాలం కాబట్టి ధార సన్నగా, కానీ ఆగకుండా, ఆకాశంలో నుంచి జారుతున్నట్టు పడుతోంది. దాని కింద వేలమంది, తడిసిన బట్టల్లో వణుకుతూ, నవ్వుతూ, కొబ్బరికాయలు కొడుతూ. పైన గుహలో లింగమయ్య, ఆయన పక్కన చెంచు పూజారులు. చిన్నమ్మ దేవుడి దగ్గరికి కూడా పోలేదు. పక్కన కొండ చరియ కింది నీడలో సాధువులు వరసలు వరసలుగా కూర్చుని ఉన్నారు. అందరికీ అదే కాషాయం, అదే బూడిద, అదే గడ్డం. ఆమె ఒక్కొక్కరి ముందూ వంగి చూస్తూ సగం దూరం పోయింది. ఇంతలో వెనక నుంచి జనం తోసుకొచ్చారు, వరసలు చెదిరిపోయాయి, ఎవరిని చూసిందో ఎవరిని చూడలేదో తెలియకుండా పోయింది. వెళ్లిపోయే వాళ్లు వెళ్లిపోతూనే ఉన్నారు. పొద్దు వాలితే లోయలో చీకటి ముందే పడుతుంది. ఆమె పెదాలు ఎండిపోయాయి. “పెద్దోడా, ఎట్ల జేద్దుమురా” అని నా చెయ్యి పట్టుకుంది.

గుండం పక్కన బండ మీద ఒక యువకుడు బ్యాటరీ మైకు పట్టుకుని, తప్పిపోయిన వాళ్ల పేర్లు పిలుస్తున్నాడు. చిన్నమ్మను అక్కడికి తీసుకుపోయాను. “పేరు చెప్పమ్మా” అన్నాడు. ఆమె నా వైపు చూసింది. పెనిమిటి పేరు ఆమె నోట ఎన్నడూ రాలేదు, పలికితే ఆయుష్షు తగ్గుతుందని నమ్మకం. నేనే చెప్పాను. ఆ పేరు ఇక్కడ రాయను. పాలమూరులో వీధికి ఇద్దరు ఉండే పేరు అది. యువకుడు పిలవగానే ముగ్గురు మనుషులు బండ దగ్గరికి వచ్చేశారు. వాళ్లలో ఒక ముసలాయన, “ఎవరు పిలిచిన్రు? నా పెండ్లాం ఇంటికాడనే ఉన్నది గదా” అని ఒకటే పరేషాన్ అయ్యాడు.

“పేరువెట్టి పిలిస్తే ఊరందరొస్తరు. జర నాకియ్యి నాయనా” అని చిన్నమ్మ మైకు అందుకుంది. జీవితంలో మొదటిసారి మైకు పట్టుకున్న మనిషి ఏం మాట్లాడుతుందా అని చూస్తున్నాను. ఆమె ఇంట్లో, పొలంలో, అరుగు మీద ఉన్న ఆయనను ఎలా పిలిచేదో అలాగే పిలిచింది.

“ఇగో... ఇంటున్నవా...”

ఆ మాట రాతిగోడకు తగిలి, లోయంతా తిరిగి, మళ్లీ మా దగ్గరికి వచ్చింది. గుండంలోని మగవాళ్లందరూ తలలు తిప్పారు. తల మీద నీళ్లు పోసుకుంటున్నవాడు చెంబు అలాగే ఎత్తి పట్టుకుని తిరిగాడు, కొబ్బరికాయ కొట్టబోతున్నవాడు చెయ్యి ఆపి తిరిగాడు. మైకు ఇచ్చిన యువకుడు కూడా ఉలిక్కిపడ్డాడు, కొత్తగా పెళ్లయినట్టుంది. మా వైపు ప్రతి ఇంట్లో ప్రతి భార్యా పిలిచే పిలుపు అదొక్కటే. “నిన్నుగాదు, అటు తిరుగు” అని ఎవరో ఆమె తన భర్త భుజం మీద చరిచింది. నలుగురూ నవ్వారు. చిన్నమ్మ నవ్వు విన్నట్టు లేదు.

“ఇగో, ఇంటున్నవా. నేనే. తోల్కపోను వచ్చిన. బోరు పాయెనని నిన్ను ఎవ్వరేమనరు. రా.”

ఈసారి నవ్వులు ఆగిపోయాయి. సాధువుల్లో కూడా చాలామంది ఇటే చూస్తున్నారు. చరియ కింద, చివరన, మాకు వీపు పెట్టి కూర్చున్న ఒక్కడు మాత్రం కదలలేదు. తర్వాత కదిలాడు. భుజం మీది గుడ్డను మెల్లగా పైకి లాగి తల మీదుగా కప్పుకున్నాడు.

చిన్నమ్మ అటే చూస్తూ ఎంతసేపు నిలబడిందో చెప్పలేను. ఆ మనిషికీ ఆమెకూ మధ్య జనం లేరు, నాలుగు బండలు దాటితే చాలు. ఆమె మైకు యువకుడికి ఇచ్చి, కొంగు దోపుకుని, “పోదాం పా పెద్దోడా” అంది.

సగం ఎక్కాక ఒక మలుపు దగ్గర కూలబడింది. అప్పటికి గానీ నాకు అడిగే ధైర్యం రాలేదు.

“చెవిటోడేమో చిన్నమ్మా.”

“చెవిటోడైతే నెత్తిమీదికి గుడ్డ ఎందుకు గుంజుకుంటడు?” అంది. కొంగుతో ముఖం తుడుచుకుని, “అందరు మల్లిసూసిన్రు, ఎవని పెండ్లమో వాన్నే పిలిచిందేమోనని. పిలుపు తనదేనని తెల్సినోడు ఒక్కడే సూడలె” అంది.

“నువ్వీడనే కూసో. నేను ఉరికిపోయి మొఖం సూసొస్త.”

“సూసి? మెడకు తాడేసి గుంజుకొస్తవా? ఎద్దా ఏమన్ననా?” అని నా చొక్కా పట్టుకుంది. ఆ పట్టు పైకి చేరేదాకా వదలలేదు. మా పక్కనుంచి జనం “పోతున్నం పోతున్నం లింగమయ్యో” అని అరుస్తూ ఎక్కుతున్నారు. ఆమె గొంతు కూడా వాళ్లతో కలిసిందో లేదో ఆ హోరులో నాకు తెలియలేదు.

ఊరు చేరగానే బావ వాకిట్లోనే అడిగాడు. “కనవడ్డడా?”

“లేడు. అమాసకు మీరనుకున్నట్ల చేయున్రి” అంది చిన్నమ్మ.

నేను నోరు తెరవబోయాను. ఆమె నా వైపు చూసింది. ఆ చూపు ముందు ఏ విలేకరీ మాట్లాడలేడు. అమావాస్య నాడు బొమ్మ కట్టారు, పంచె చుట్టారు, నిప్పు పెట్టారు. దర్భ తొందరగా కాలిపోతుంది. ఆడవాళ్లు ఏడవడానికి సిద్ధపడి ఆమె చుట్టూ చేరారు, కానీ ఆమె గాజులు తనే తీసి ఇచ్చి, స్నానానికి లేచింది. రాతి గుండె అన్నారు కొందరు. అంతకుముందు మూడేళ్లూ ఆమె ఏడ్చిన ఏడుపు వాళ్లకు గుర్తున్నట్టు లేదు.

మరుసటి ఏడు ఆఫీసు నన్నే మళ్లీ జాతర వార్తకు పంపింది. తిరిగొచ్చి, ఏదో చెప్పాలని చిన్నమ్మ ఇంటికి పోయాను. ఆమె బియ్యం చెరుగుతోంది. నేను కూర్చోగానే చేట ఆపకుండా, “ఉన్నడన్నా చెప్పకు, లేడన్నా చెప్పకు. తిన్నవా?” అంది. తిన్నాను అన్నాను, అబద్ధం. ఆమె లేచి అన్నం పెట్టింది.

చిన్నమ్మ పోయి కూడా ఇప్పుడు కొన్నేళ్లయింది. బతికినంత కాలం అమావాస్య తిథి తప్పకుండా వండి, విస్తరి వేసి, కాకి ముట్టేదాకా ఎండలో నిలబడేది. ఒక్కో ఏడు కాకి తొందరగా వచ్చేది, ఒక్కో ఏడు మధ్యాహ్నం దాకా వచ్చేది కాదు. రాని ఏడు, పోయినాయన ముట్టలేదని ఇంటివాళ్లంతా దిగులుపడేవారు. ఆమె ముఖంలో మాత్రం ఆ కాసేపు ఏదో వెలుగు ఉండేది. ఆ వెలుగు కోసమే ఆమె మళ్లీ ఏడాదంతా గడిపేదేమోనని, ఈ వయసుకు వచ్చాక, నాకు అనిపిస్తోంది.